రేపు చూద్దామన్న గుర్రం

గుర్రం వెనక కాలు ఎటు వంగుతుందో మీకు తెలుసా? ఒక్క నిమిషం కళ్లు మూసుకుని గుర్తు చేసుకోండి. సినిమాల్లో చూశాం, పెళ్లి ఊరేగింపుల్లో చూశాం, బీచ్‌లో పిల్లల్ని ఎక్కించి ఫోటోలూ తీశాం. అయినా చటుక్కున చెప్పలేం. నలభై ఆరేళ్లు వచ్చాక ఓ కాగితం మీద గుర్రం గీయబోయి, వెనక కాళ్ల దగ్గర పెన్సిలు ఆగిపోయినప్పుడు నాకు తెలిసింది, ఇన్నేళ్లూ నేను గుర్రాన్ని చూడనే లేదని.

మొదలుపెట్టడానికి పెద్ద కారణమేమీ లేదు. కిందటి జూన్‌లో మా అబ్బాయి హాస్టలుకి వెళ్లాక వాడి గది సర్దుతుంటే, సగం రాసి వదిలేసిన నోటు పుస్తకాలు ఎనిమిది దొరికాయి. రూళ్లు లేని తెల్ల కాగితాలు. పాత పేపర్లవాడికి వెయ్యబుద్ధి కాలేదు. పెన్సిలు తీసుకుంటే చెయ్యి ముందు గుర్రం మీదికే పోయింది. ఎందుకో చెబుతాను. తొమ్మిదో తరగతిలో నేను గీసిన గుర్రాన్ని మా మాస్టారు పైకెత్తి, "ఇది గుర్రమా, భోజనాల బల్లా?" అని క్లాసంతటికీ చూపించారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత మళ్లీ బొమ్మల జోలికి పోలేదు. ముప్పై ఏళ్ల పైచిలుకు తర్వాత గీసిన మొదటి గుర్రం కూడా భోజనాల బల్లలాగే వచ్చింది. మాస్టారిది తప్పేమీ లేదు!

సంక్రాంతి నెలంతా వాకిట్లో ముగ్గులు వేసే చెయ్యి ఇది. ఇరవయ్యొక్క చుక్కల ముగ్గు వేస్తూ పక్కింటావిడతో కబుర్లు చెప్పగలను, ఒక్క గీత తప్పిపోదు. అలాంటి చెయ్యికి గుర్రం ఎందుకు లొంగదు? ఆలోచిస్తే తెలిసింది. ముగ్గు చేతికి గుర్తుంటుంది, కంటితో పని లేదు. గుర్రం అలా కాదు. దాన్ని చూస్తూ గీయాలి, గీస్తూ చూడాలి. మనమేమో చూడం. "గుర్రమంటే ఇలా ఉంటుంది" అని మనసులో ఓ బొమ్మ పెట్టుకుని దాన్నే దించుతాం.

ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకోవడం మొదలుపెట్టాను. మొదటి పాఠం కొలతలది. గుర్రం తలనే కొలబద్దగా తీసుకోవాలి. ఛాతీ ముందు నుంచి పిరుదు చివరిదాకా ఒళ్లు ఇంచుమించు రెండున్నర తలల పొడవు. నేల నుంచి మెడ మొదట్లో ఉండే మూపు దాకా ఎత్తూ ఇంచుమించు అంతే. అంటే తలా మెడా పక్కన పెడితే, గుర్రం ఓ చదరంలో ఇమిడిపోతుంది. ఇది తెలియక నేను గుర్రాన్ని రైలుపెట్టెలా సాగదీస్తూ వచ్చాను.

రెండో పాఠం కాళ్లది. ముందు కాలి మధ్యలో మనం మోకాలు అనుకునేది మోకాలు కాదు, మన మణికట్టు లాంటి కీలు. వెనక కాల్లో తిరగబడ్డ మోకాలులా వెనక్కి పొడుచుకొచ్చేది మడమ. అసలు మోకాలు ఎక్కడో పైన, పొట్ట పక్కన, తొడ కండలో కలిసిపోయి ఉంటుంది. ఇక గిట్ట అంటే ఒక్క వేలి గోరు. ఒక్కో కాలికి ఒక్క వేలు, ఆ వేలి కొస మీద అంత బరువు! ఇది విన్నప్పుడు సరిగా బుర్రకెక్కలేదు. మర్నాడు అటక మీది చింతపండు డబ్బా కోసం మునివేళ్ల మీద లేచి, ఎందుకో కిందికి చూసుకున్నాను. నా మడమ గాల్లో ఉంది. అదే గుర్రం వెనక కాలు. డబ్బా అక్కడే వదిలేసి వెళ్లి గీశాను. మొదటిసారి వెనక కాలు కాలులా వచ్చింది.

నాబోటి వాళ్లేమిటి, పెద్ద పెద్ద చిత్రకారులు కూడా గుర్రం విషయంలో పొరబడ్డారు. పరుగెత్తే గుర్రాన్ని ముందు కాళ్లు ముందుకీ, వెనక కాళ్లు వెనక్కీ బారజాపి గాల్లో తేలుతున్నట్టు గీసేవారు. 1878లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫరు ఓ పరుగుబాట పక్కన వరసగా పన్నెండు కెమెరాలు పెట్టి, గుర్రం దాటుకుంటూ పోయేకొద్దీ ఒక్కోటీ ఫోటో తీసేలా ఏర్పాటు చేశాడు. తీరా చూస్తే, నాలుగు కాళ్లూ నేలను వదిలే క్షణం ఉన్న మాట నిజమే కానీ, అప్పుడు కాళ్లు బారజాపి ఉండవు, పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి. అంతకాలం అందరూ అనుకున్నదే గీశారన్నమాట. ఇది చదివాక నా భోజనాల బల్ల మీద నాకు కాస్త జాలి కలిగింది.

ఇంట్లో ఏమన్నారో చెప్పాలి కదా. మా వారు ఓ రోజు నా భుజం మీదుగా చూసి, "బాగుంది, ఎవరికైనా ఇవ్వడానికా?" అన్నారు. నాకు ఇష్టమై గీస్తున్నానని చెబితే, "ఓహో" అని పేపరు తీసుకున్నారు. పాపం, ఆయన ఎగతాళి చెయ్యలేదు. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. మా ఆడపడుచు మరో అడుగు ముందుకేసింది. "వదినా, వీడియో తీసి యూట్యూబులో పెట్టు. నలభై దాటాక నేర్చుకుంటున్నానని చెబితే జనం ఎగబడి చూస్తారు. నాలుగు డబ్బులూ వస్తాయి" అంది. ప్రేమగానే అంది.

నాకు అక్కడే ఆలోచన మొదలైంది. ఇంట్లో ఉండే ఆడదాని చేతి పని దేనికైనా పనికి రావాలి. కుట్టు నేర్చుకుంటే జాకెట్ల కూలి మిగలాలి. పచ్చళ్లు పెడితే అమ్మకానికి పెట్టాలి. ముగ్గు వేస్తే వాకిలి కళకళలాడాలి, పాట పాడితే పూజలో పాడాలి. ఇవేవీ తక్కువ పనులు కావు, నేను అన్నీ చేస్తాను. కానీ గుర్రం బొమ్మ మా ఇంట్లో ఎవరి కడుపూ నింపదు, ఎవరి చొక్కాకీ గుండీ కుట్టదు. అందుకే దానికి టైము అడగాలంటే నోరు రాదు. సాయంత్రం అరగంట నాది అనుకుంటాను. ఆ అరగంటలోనే గ్యాసు బండ వస్తుంది, ఇస్త్రీ అబ్బాయి వస్తాడు, చుట్టాల ఫోను వస్తుంది. పనికొచ్చే ప్రతి పనికీ, పనికిరాని నా పని దారి ఇవ్వాలి.

ఫ్రాన్సులో రోజా బోనర్ అని ఓ చిత్రకారిణి ఉండేది. పారిస్ గుర్రాల సంతకి ఏడాదిన్నర పాటు వారానికి రెండుసార్లు వెళ్లి బొమ్మలు గీసుకుందిట. అది మగవాళ్ల చోటు. ఆడదాన్ని అక్కడ నిలబడనివ్వరని మగవాళ్ల బట్టలు వేసుకుని వెళ్లేది. ఆ రోజుల్లో అక్కడ ఆడవాళ్లు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల దగ్గర అనుమతి కాగితం ఉండాలి, ఆ కాగితమూ తీసుకుంది. ఆ కష్టంతో వేసిన సంత బొమ్మని 1853లో పారిస్‌లో ప్రదర్శించారు. ఎనిమిది అడుగుల ఎత్తు, పదహారు అడుగులకి పైగా వెడల్పు. ఇప్పుడది న్యూయార్కులో మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఫోన్లో ఆ బొమ్మ పెద్దది చేసుకుని చూస్తే ఒక్కో గుర్రం మెడ కింద నరాలు కూడా కనిపించాయి. ఆమె సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆమె చేసిందల్లా దగ్గరికి వెళ్లి చూడటమే. దానికే అన్ని తిప్పలు పడింది. నాకు ఏ పోలీసు కాగితమూ అక్కర్లేదు. మా విశాఖపట్నంలో ఆర్కే బీచ్‌కి ఆటో ఎక్కితే పది నిమిషాలు.

సాయంత్రాలు అక్కడ పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే గుర్రాలు ఉంటాయి. కాళీమాత గుడికి కాస్త అవతల మెట్ల మీద కూర్చుని గీసేదాన్ని. గుర్రం తిప్పే కుర్రాడు రెండు రోజులు చూసి, మూడో రోజు దగ్గరికొచ్చి, "ఏటి మేడమ్, మా గుర్రం బొమ్మేటి?" అన్నాడు. చూపించాను. "చెవులు ఇలాగుండవు మేడమ్. బేరం లేనప్పుడు ఇలా పక్కకి వాల్చేస్తది" అని తన రెండు చేతులూ తలకి పెట్టి చూపించాడు. ఫోన్లో ఏ వీడియో చెప్పని సంగతి అది.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. మా అత్తగారు.

ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్లు. నా గుర్రాల మీద ఆవిడ అభిప్రాయం ఏమిటో నేను అడగలేదు. "ఈ వయసులో ఇదేం పిచ్చి" అనుకుంటూ ఉంటారని నేనే ఊహించేసుకున్నాను. నవంబరులో ఓ మధ్యాహ్నం నేను భోజనాల బల్ల దగ్గర గీసుకుంటుంటే, మంచినీళ్లకి వచ్చి వెనక నిలబడ్డారు. కాసేపు చూసి, "ఏమ్మా, నీ గుర్రానికి కాళ్లు నొప్పెట్టవూ?" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"నాలుగు కాళ్లూ బిగబట్టి నిలబెట్టేశావు. నిలబడ్డ గుర్రం అలా ఉండదు. వెనక కాలు ఒకటి సడలించి, గిట్ట కొస నేలకి ఆనించుకుంటుంది. కాసేపయ్యాక ఆ కాలు మార్చి రెండోది. మనం పొయ్యి దగ్గర నిలబడి కాలు మార్చుకోమూ, అలాగ."

"మీకెలా తెలుసు అత్తయ్యా?"

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. విజయనగరంలో చిన్నప్పుడు వాళ్ల ఇంటి ఎదురుగా ఓ జట్కావాడి పాక ఉండేదట. ఆడపిల్ల అస్తమానం వీధిలోకి వెళ్లకూడదు కాబట్టి అరుగు మీద కూర్చుని ఆ గుర్రాన్ని చూస్తూ ఉండేవారట. వాడు ఉలవలు నానబెట్టి పెట్టడం, కొబ్బరి పీచుతో ఒళ్లు రుద్దడం, ఎండలో దాని ఒంటి మీద ఈగ వాలితే అక్కడ చర్మం మాత్రమే వణకడం, అన్నీ చెప్పారు. "రోజూ చూసేదాన్ని. ఒక్కసారి ముట్టుకోవాలని ఉండేది. వెళ్లనిస్తేనా" అన్నారు. ఇరవై మూడేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆవిడ మోకాళ్ల నొప్పులు తెలుసు, బీపీ మాత్ర ఏ వేళకి వెయ్యాలో తెలుసు, కూరలో ఉప్పు ఎంత పడాలో తెలుసు. ఈ గుర్రం సంగతి మాత్రం తెలియదు. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఆ వారంలోనే ఆవిడ, "నన్నూ ఓసారి బీచికి తీసుకెళతావా? ఆ గుర్రాన్ని దగ్గరగా చూస్తాను" అన్నారు. ఐదింటికి అడిగారు. రాత్రికి చపాతీల పిండి కలపాలి, మా వారు ఆరున్నరకి వచ్చేస్తారు, ఆయనకి రాగానే టీ ఉండాలి. "ఇవాళ పొద్దుపోయింది అత్తయ్యా, రేపు వెళదాంలెండి" అన్నాను. రేపు ఆడపడుచు వచ్చింది. ఎల్లుండి వాన. ఆ తర్వాత నాలుగో రోజు బాత్రూములో జారిపడి అత్తగారి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను, మంచం, ఆ తర్వాత వాకరు. మూడు నెలలు ఆవిడ మా గుమ్మం దాటలేదు.

ఆ మూడు నెలల్లో ఓ రాత్రి, డిగ్రీలో చదువుకున్న పాఠం ఒకటి గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. భారతం ఆదిపర్వంలో కద్రువా వినతా కథ. మీ అందరికీ తెలిసిందే. సవతులిద్దరూ సముద్రపు ఒడ్డున తిరుగుతూ ఉచ్చైశ్శ్రవాన్ని చూస్తారు. గుర్రమంతా తెలుపే అంటుంది వినత. తోక దగ్గర నలుపుంది అంటుంది కద్రువ. ఓడినవాళ్లు గెలిచినవాళ్లకి దాస్యం చెయ్యాలని పందెం. ఇక్కడిదాకా అందరం చెబుతాం. ఆ తర్వాత నన్నయగారు చెప్పిన చిన్న మాట ఒకటి ఉంది. ఇప్పుడే దగ్గరికి వెళ్లి చూద్దాం పద అంటుంది వినత. కద్రువ ఏమంటుందో తెలుసా? ఇవాళ పొద్దుపోయింది, భర్తకి సేవ చేసే వేళ దాటిపోతోంది, రేపు చూద్దాం అంటుంది.

అంతే. వినత ఊరుకుంది. ఆ ఒక్క రాత్రి చాలు కద్రువకి. కొడుకుల్ని పిలిచి తోకకి చుట్టుకోమంది. చాలామంది అది అన్యాయమన్నారు, కర్కోటకుడు ఒప్పుకున్నాడు. మర్నాడు తోక నల్లగా కనిపించింది, వినత దాసి అయింది. ఈవిడే అంతకుముందు ఆత్రం పట్టలేక గుడ్డు చితక్కొట్టి, సగం ఒళ్లుతో పుట్టిన కొడుకు చేత శాపం తిన్న మనిషి. ఆగాల్సిన చోట ఆగలేదు. ఆగకూడని చోట ఆగిపోయింది. ఎందుకు ఆగింది? కద్రువ చెప్పిన సాకు అలాంటిది మరి. భర్తకి సేవ వేళ అంటే ఏ ఇల్లాలు కాదనగలదు? తిరిగి వాదించడానికి వీల్లేని మాట అది.

ఇంకో సంగతి గమనించారా? ఆ సన్నివేశంలో కశ్యపుడు లేడు. ఆయన టైమైంది రమ్మని పిలవలేదు, కోప్పడలేదు. ఒక ఆడది ఇంకో ఆడదానితో అన్న మాట అది. నా విషయంలోనూ అంతే. మా వారు ఆ రోజు టీ అరగంట ఆలస్యమైతే ఏమీ అనేవారు కాదు, బహుశా ఆయనే పెట్టుకునేవారు. నా అరగంట ఎవరూ గౌరవించడం లేదని ఇంతసేపు మీకు చెప్పానే, మా అత్తగారి అరగంట దగ్గరికొచ్చేసరికి చపాతీల పిండి నాకు అంత ముఖ్యమైపోయింది. ఆవిడ డెబ్బై ఏళ్ల కోరిక కూడా పనికిరాని కోరికే కదా. అందుకే అంత సులువుగా రేపటికి తోసేశాను.

అందుకని నా మాట ఇది. ఇంటి పనికి ఎలాగూ అంతుండదు, దాన్ని తిట్టుకుని లాభం లేదు. ఎవరికీ పనికిరాని పని ఒకటి మనకి ఉండాలి. దానికి కారణం చెప్పక్కర్లేదు, డబ్బు చెయ్యక్కర్లేదు, బాగా కూడా రానక్కర్లేదు. అంతకన్నా ముఖ్యం, ఇంట్లో ఇంకో ఆడదానికి అలాంటిది ఒకటి ఉంటే, అది అమ్మ కావచ్చు, అత్తగారు కావచ్చు, కోడలు కావచ్చు, పదో తరగతి పిల్ల కావచ్చు, "రేపు చూద్దాంలే" అనే మాట మన నోటి నుంచి రాకుండా చూసుకోవాలి. పొద్దుపోయిందని చెప్పడానికి లోకంలో చాలామంది ఉన్నారు. మనం కూడా ఎందుకు?

కిందటి మంగళవారం డాక్టరు వాకరుతో బయటికి వెళ్లొచ్చన్నారు. బుధవారం సాయంత్రం ఐదింటికి, పిండి కలపకుండానే, ఆటో పిలిచాను. ఇసకలోకి వాకరు వెళ్లదు. గుర్రం కుర్రాడే గుర్రాన్ని రోడ్డు పక్క పేవ్‌మెంటు దాకా నడిపించుకొచ్చాడు. "ఎదర నుంచి వద్దు మామ్మా, పక్క నుంచి రా. ముక్కు ముందర ఉన్నది దానికి కనబడదు" అన్నాడు. అత్తగారు ఒక చెయ్యి వాకరు మీద ఉంచి, రెండోది దాని మెడ మీద పెట్టారు. చాలాసేపు తియ్యలేదు. "వెచ్చగా ఉందే" అన్నారు. నేను పక్కనే మెట్టు మీద కూర్చుని గీశాను. ఎడమ వెనక కాలు సడలించి, గిట్ట కొస నేలకి ఆనించి, అచ్చం ఆవిడ చెప్పినట్టే నిలబడింది గుర్రం. ముందు కాళ్లు ఇంకా కుదరలేదు. అత్తగారి చెయ్యి కూడా చెయ్యిలా రాలేదు, అరటికాయలా వచ్చింది. అయినా ఆ కాగితం చింపలేదు.

ఆ రాత్రి మా ఇంట్లో అందరం పెరుగన్నం తిన్నాం. మాగాయ ఉంది, సరిపోయింది.